ఇద్దరు నెవిల్ ఛాంబర్లెయిన్‌లు

నెవిల్ ఛాంబర్లెయిన్ అనగానే గుర్తొచ్చేది 1938లో మ్యూనిక్‌లో హిట్లర్‌తో ఒప్పందం చేసుకొచ్చి, 1940 మేలో పదవి వదులుకున్న బ్రిటన్ ప్రధాని. కానీ అదే పేరుతో ఇంకొకాయన ఉన్నాడు, చుట్టం కూడా కాదు, సైన్యంలో ఆఫీసరు. 1875లో జబల్‌పూర్‌లో ఆఫీసర్ల మెస్‌లో వానాకాలం పొద్దుపోక, బిలియర్డ్స్ బల్ల మీద నడిచే బ్లాక్ పూల్ ఆటకి ఇంకొన్ని రంగు బంతులు కలిపి స్నూకర్ పుట్టించాడని చెబుతారు. స్నూకర్ అంటే అప్పట్లో కొత్తగా చేరిన క్యాడెట్‌ని ఆటపట్టించే మాటట! తర్వాత ఊటీ క్లబ్‌లో నియమాలు కుదిరాయి.

తమాషా ఏంటంటే ఈయనా ఐర్లండ్ పోలీసు అధిపతిగా ఉండి, అక్కడ బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 తిరుగుబాటు తర్వాత రాజీనామా చేశాడు. నా ఓటు మాత్రం స్నూకర్ ఆయనకే, ప్రధాని గారి మ్యూనిక్ ఒప్పందం ఏడాది కూడా నిలవలేదు కదా.