అరవై మిల్లీల ఎర్ర సిరా: రంగుకి నాలుగు మార్కులు, సీసాకి రెండు

రంగు బాగుంది. ముందు ఆ మాట చెప్పేస్తాను, ఎందుకంటే ఇక్కడి నుంచి కిందకంతా బూజు గోలే.

కోనసీమలో, రావులపాలేనికి దగ్గర్లో ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఎర్ర సిరా నాకు సరదా కాదు, రోజూ పని. జెల్ పెన్ను రెండు సెక్షన్లు దిద్దేసరికి అయిపోతుంది. అందుకని నాన్నగారి రత్నం పెన్ను ఎర్ర సిరాకి కేటాయించాను. రాజమండ్రిలో 1932లో మొదలైన కంపెనీ, గాంధీగారు 1935లో వాడి బాగుందని ఉత్తరం రాశారని ఈ పెన్ను మూత తీసినప్పుడల్లా నాన్నగారు చెప్పేవారు. నల్లటి ఎబొనైట్ పెన్ను, అంటే గట్టి రబ్బరుది. లోపల ట్యూబూ గీబూ ఉండదు. ఫిల్లర్‌తో నేరుగా బారెల్లోకి సిరా పోసి బిగించడమే.

ఈ సిరాని నిరుడు డిసెంబరులో ఆన్‌లైన్‌లో కొన్నాను. 60 మిల్లీల సీసా, 350 రూపాయలు. కంపెనీ పేరు రాయను. తప్పులో వాళ్ళ వాటా ఎంతో, నా వాటా ఎంతో చదివితే మీకే తెలుస్తుంది. దానిమ్మ గింజ రంగు. కాపీల చవక కాగితం మీద కూడా పెద్దగా పాకదు, వెనక పేజీకి దిగదు. పిల్లలకి భయం పుట్టించే ఎరుపు కాదు. మార్చి దాకా నాకు ఒక్క ఫిర్యాదు లేదు.

ఆగస్టులో గోదారికి వరదొచ్చిన వారం అది. ఇంట్లో అన్నిటికీ చెమ్మే. బీరువాలో మావారి బెల్టుకి తెల్లగా బూజు, గోడకి బూజు. అర్ధరాత్రి దాకా పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ముప్పయ్యో పేపరు దగ్గర గీత సన్నబడింది, తర్వాత ఆగి ఆగి పడింది. విదిలిస్తే ఎవరి జవాబు మీదో పెద్ద చుక్క పడి, మళ్ళీ పాళీ ఎండిపోయింది. సిరా అయిపోయిందనుకుని సీసా తెచ్చాను.

మూత తిప్పగానే వానకి తడిసి ఆరని గోనెసంచి వాసన. పైన సన్నటి పొర, కాచి చల్లార్చిన పాల మీద మీగడలా. దాని మధ్య బూడిద రంగు మచ్చ, కందిగింజంత. చీపురు పుల్లతో ఎత్తితే పొర చిరగలేదు, మొత్తం లేచి వచ్చింది. కింద నుంచి బెండకాయ జిగురులా తీగ సాగింది. ఎర్రటి తీగ. నేను ఆ రాత్రి ఇంక పేపర్లు దిద్దలేదు.

మడ్డి కదా అని మొదట సర్దిచెప్పుకున్నాను. కానీ మడ్డి అడుగున చేరుతుంది, ఊపితే చాలావరకు కలిసిపోతుంది. పైన తేలి, పుల్లకి అంటుకుని తీగ సాగేది మడ్డి కాదు.

ఇప్పుడు నా వాటా. సిరాలో ఎక్కువ భాగం నీళ్ళే. అందులో రంగు, త్వరగా ఆరిపోకుండా గ్లిజరిన్ లాంటిది, బూజు రాకుండా కాస్త మందు. పాత సిరాల్లో ఆ మందుగా ఫినాల్ వేసేవారు, అందుకే నాన్నగారి సిరాబుడ్డి మూత తీస్తే ఆసుపత్రి వాసన వచ్చేది. ఇప్పుడు వేరే మందులు వచ్చాయి. ఏ మందైనా లెక్క ప్రకారమే కలుపుతారు. ఏప్రిల్లో సిరా చిక్కబడిందని నేను బిందెలోంచి రెండు ఫిల్లర్ల మంచినీళ్ళు పోశాను. రంగుతో పాటు మందూ పలచబడింది. సెలవులకి పెన్ను కడిగే ముందు, పారబోయడం ఎందుకని బారెల్లో మిగిలిన సిరాని తిరిగి సీసాలోకే ఒంపాను. పాళీ దగ్గర రెండు నెలలు గాలీ చేతి తడీ తగిలిన సిరా అది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే మా అత్తయ్యగారు ఇల్లు పీకి పందిరేస్తారు. ఆ బుద్ధి నాకు సిరా దగ్గర లేకపోయింది.

నా తప్పేనని ఎలా తేలిందంటే, మా లెక్కల మాస్టారు అదే రోజు అదే సిరా నాతో పాటే తెప్పించుకున్నారు. ఆయన సీసా ఇప్పటికీ శుభ్రంగా ఉంది. ఆయన అందులో ఏదీ ముంచరు. నెలకి సరిపడా సిరా హోమియో మాత్రల సీసాలోకి ఒంపుకుని, దాంట్లోంచే ఫిల్లర్‌తో తీసుకుంటారు. అందులో మిగిలింది పారబోస్తారు గానీ పెద్ద సీసాలో కలపరు. పిసినారితనంలో ఆయన నాకంటే రెండాకులు ఎక్కువే, అయినా ఆ విషయంలో మాత్రం గట్టి.

సీసాకి రెండే ఎందుకిచ్చానో కూడా చెప్పాలి. మూత లోపల అట్ట బిళ్ళ పెట్టారు. అది సిరా పీల్చుకుని ఎప్పుడూ తడిగా ఉంటుంది. గోరుతో పీకి చూస్తే దాని వెనక పైదానికంటే దట్టంగా ఉంది బూజు. మా చెమ్మ నేలకి అట్ట బిళ్ళ పనికిరాదు, ప్లాస్టిక్‌ది పెట్టాల్సింది. సీసా మీద తయారైన నెల, సంవత్సరం కూడా లేవు. పెట్టె మీద ఉందేమో, అది ఎప్పుడో పోయింది. ఫోటో పంపితే రెండు రోజుల్లో జవాబిచ్చారు, నీళ్ళు కలిపారా అని అడిగారు. కలిపానని రాశాను. తర్వాత ఇంక మాట్లాడలేదు. వాళ్ళని అనడానికి నాకు నోరు రాలేదు, నిజం.

మావారు మాత్రం, "గుడ్డలో వడగడితే సరిపోద్దిగా, మూడొందల యాభై రూపాయలు పారబోస్తావా?" అన్నారు. తీగలు గుడ్డలో ఆగుతాయి, వాటి విత్తనం ఆగదు. కంటికి కనపడదు అంతే. పైగా ఆ సిరా తగిలిన ప్రతిదానికీ బూజు అంటుకుంటుంది. సీసా, ఫిల్లర్ రెండూ చెత్తలోకే వెళ్ళాయి.

పెన్ను దగ్గరే నాకు టెన్షన్ పట్టుకుంది. పాళీ, దాని కింద నాలుక ఊడదీసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగాను. తర్వాత బట్టలకి వాడే బ్లీచ్ ద్రవం ఒక వంతు, నీళ్ళు తొమ్మిది వంతులు కలిపి, అందులో పాళీనీ నాలుకనీ రెండు మూడు నిమిషాలు ముంచి, వెంటనే బోలెడు నీళ్ళతో కడిగేశాను. నాది మామూలు స్టీలు పాళీ, ఎక్కువసేపు ఉంచితే తుప్పు పడుతుంది. ఎబొనైట్ బారెల్‌ని అందులో ముంచలేదు, రంగు పోతుంది. దాన్ని చన్నీళ్ళతోనే నాలుగైదుసార్లు కడిగి నీడలో ఆరబెట్టాను. వేడినీళ్ళు పోస్తే నల్లటి ఎబొనైట్ గోధుమరంగుకి తిరుగుతుందని నాన్నగారు నెత్తీ నోరూ కొట్టుకునేవారు. ఇంకో సంగతి, పెన్నులు కడగడానికి కొందరు అమ్మోనియా వాడతారు. దాన్ని, బ్లీచ్‌ని ఎట్టి పరిస్థితిలో కలపకండి, విషవాయువు వస్తుంది.

అదే రంగు మళ్ళీ కొన్నాను, ఈసారి 30 మిల్లీలది. 60 మిల్లీల సీసా తెరిచి ఒక వానాకాలం దాటించడం ఈ ఊళ్ళో నావల్ల కాదు. అది వచ్చేలోగా పేపర్లు ఆగవు కదా, స్టాఫ్ రూమ్‌లో లెక్కల మాస్టార్ని కాస్త సిరా అడిగాను. ఆయన హోమియో సీసా తీసి జేబులో పెట్టుకున్నారు.

"మీ పెన్నిలా ఇవ్వండి మేడం, నేను పోసిస్తాను. సీసా మాత్రం మీ చేతికివ్వను."