జొన్న రొట్టె: చేత్తో తట్టాలా, కర్రతో ఒత్తాలా?

జొన్న రొట్టెలు ఎలా చేసినా ముందు ఒక విషయం తెలిసి ఉండాలి. గోధుమపిండిని సాగేలా చేసే గ్లూటెన్ అనే ప్రొటీన్ జొన్నల్లో ఉండదు, అందుకే ఈ పిండి చపాతీ పిండిలా సాగదు. మరిగే నీళ్లు తగిలి కొంత ఉడికితేనే జిగురు వస్తుంది. మా ఇంట్లో రెండు పద్ధతులూ నడుస్తాయి.

కర్రతో ఒత్తడం తేలిక. గ్లాసు నీళ్లు ఉప్పేసి మరిగించి, గ్లాసు పిండి పోసి కలిపి, మూతపెట్టి ఐదు నిమిషాలు వదిలేస్తాను. చేయి పెట్టగలిగినంత చల్లారాక బాగా పిసికి, ముద్దలు చేసి తడి గుడ్డ కప్పితే తొందరేమీ ఉండదు. పొడి పిండి చల్లుకుంటూ మెల్లగా ఒత్తుకోవచ్చు. రొట్టె పల్చగా, మెత్తగా వస్తుంది. ఆఫీసు నుంచి వచ్చాక ఒక్కదాన్నే చేసుకోవాలంటే నాకు ఇదే మేలు.

తట్టే రొట్టె సంగతి వేరు. పిండి మొత్తం ఒకేసారి కలపరు. ఒక్క రొట్టెకు సరిపడా పిండిలో వేడి నీళ్లు పోసి, ముందు గరిటెతో తిప్పి, తర్వాత అరచేత్తో నొక్కి నొక్కి పిసికి, వెంటనే తట్టాలి. ఆలస్యమైతే అంచులు పగులుతాయి. అప్పటికే పెనం బాగా కాగి ఉండాలి. పొడి పిండి అంటిన వైపు పైకి వచ్చేలా వేసి, తడి గుడ్డతో నీళ్లు అద్ది, ఆ తడి ఆరగానే తిప్పాలి. ఇవన్నీ మా అమ్మ ఒక్కతే చేసేస్తుంది. నాకు చేతకాదు.

అందుకే ఆదివారం నలుగురం కూర్చుంటాం. మా ఆయన పిండి పిసుకుతారు, అమ్మ తడుతుంది, పెనం దగ్గర నేను. పదేళ్ల పాప పీట మీద పిండి చల్లుతుంది. ఒకరి పని ఆగితే అందరి పనీ ఆగుతుంది కాబట్టి ఫోన్ ముట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు. రుచిలోనూ నా ఓటు దీనికే. కాస్త మందంగా ఉండి, పొంగి, కాలిన జొన్న వాసన కమ్మగా వస్తుంది. పుంటికూర పప్పులో ముంచుకుంటే ఇంకేమీ అక్కర్లేదు. అందరూ ఇంట్లో ఉన్న రోజు కర్ర జోలికి పోకండి.

పిండి పాతదైతే మాత్రం ఏ పద్ధతిలోనూ రొట్టె కుదరదు. జొన్నలు కొని, పది పదిహేను రోజులకు సరిపడా గిర్నీలో పట్టించుకోవడం మంచిది. విరగకుండా గోధుమపిండి కలిపేవాళ్లున్నారు, నాకది నచ్చదు. గ్లూటెన్ పడనివాళ్లు ఇంట్లో ఉంటే అసలే కలపకూడదు.

మొదటిసారి తట్టేవాళ్లు అరచేయంత రొట్టెతో మొదలుపెట్టండి. పెద్దదైతే ఎత్తేటప్పుడే విరుగుతుంది. మా పాప కూడా చివర్లో మిగిలిన చిన్న ముద్దతోనే నేర్చుకుంది. ఇప్పుడు సాసరంత రొట్టె తట్టగలుగుతోంది. ఎల్లిపాయ కారం, నూనె వేసుకుని అది తనే తింటుంది, ఎవరికీ పెట్టదు.