కడప మెడికల్ షాపుల్లో ‘లివర్’ డబ్బాలు: కొనే ముందు లేబుల్ తిప్పి చూడండి

కాలేయ క్యాన్సర్ రాకుండా ఆపుతాయన్న పేరుతో ఎక్కువగా అమ్ముడయ్యేవి రెండు: పసుపు గుళికలు, సిలిమరిన్ (మిల్క్ థిసిల్ అనే మొక్క గింజల సారం) బిళ్ళలు. క్యాన్సర్‌ను ఆపినట్టు మనుషుల్లో రుజువు రెండింటికీ లేదు.

పసుపు డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ‘సారం 500 మి.గ్రా., 95 శాతం కర్క్యుమినాయిడ్లు, పైపెరిన్ 5 మి.గ్రా.’ లాంటి లెక్క ఉంటుంది. కర్క్యుమినాయిడ్లంటే పసుపుకు రంగునిచ్చే పదార్థాలు, వాటిలో ముఖ్యమైనది కర్క్యుమిన్. మామూలు పసుపులో ఇవి నూటికి మూడు పాళ్ళకు అటూ ఇటూ. అంటే ఒక్క గుళిక సుమారు 15 గ్రాముల పసుపుపొడికి సమానం. పప్పులో వేసే చిటికెడుతో దీనికి పోలికే లేదు. పైపెరిన్ మిరియాల్లోది. మామూలుగా పేగులు, లివరు కర్క్యుమిన్‌ను ఒంటికి పట్టనివ్వకుండా మార్చి పంపేస్తాయి. పైపెరిన్ ఆ పనికి అడ్డం పడుతుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు రెండూ కలిపి ఇస్తే ఒంటికి పట్టే మోతాదు 20 రెట్లు పెరిగింది. ప్రకటనల్లో గొప్పగా చెప్పేది ఇదే, తంటా కూడా ఇక్కడే. 2019లో ఇటలీలోనూ, ఆ తర్వాత అమెరికాలోనూ ఇలాంటి గుళికలు వాడినవాళ్ళకు లివరు వాచిన కేసులు బయటపడ్డాయి. మూత్రం ముదురు రంగుకు తిరిగినా, కళ్ళు పచ్చబడినా వెంటనే ఆపి ఎస్‌జీపీటీ (లివరు దెబ్బతిన్నదేమో చూపే రక్త పరీక్ష) చేయించాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు అసలు ముట్టుకోవద్దు. ఐదుకు ఒక మార్కు, అది కూడా లేబుల్ మీద లెక్క రాసినందుకు.

సిలిమరిన్ 140 మి.గ్రా. బిళ్ళ: కొందరికి విరేచనాలు. నష్టమంతా జేబుకే.

అదే షాపులో నిజంగా పనికొచ్చే సరుకు వేరే ఉంది. ముందు హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష: లివరు క్యాన్సర్‌కు ఒక ముఖ్య కారణమైన హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉందో లేదో చెప్పే రక్త పరీక్ష ఇది. నెగెటివ్ అయి, ఇదివరకు టీకా పడకపోతే హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. పాజిటివ్ అయితే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) చూసి డాక్టరు రాసే టెనోఫోవిర్ 300 మి.గ్రా. లేదా ఎంటెకావిర్ 0.5 మి.గ్రా. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకు క్యాన్సర్ ముప్పును తగ్గించే మందులు ఇలాంటివి. ఎంటెకావిర్ ఖాళీ కడుపున, తిండికి రెండు గంటల ఎడంగా వేసుకోవాలి. ‘బాగానే ఉన్నాం కదా’ అని సొంతంగా ఆపేస్తే వైరస్ ఒక్కసారిగా విజృంభిస్తుంది.

చెనిక్కాయల సీమలో ఇంకోటి మరవకూడదు: లివరు క్యాన్సర్ తెచ్చే బూజు విషం అఫ్లటాక్సిన్. హెపటైటిస్ బి ఉన్న ఒంట్లో దీని దెబ్బ ఎన్నో రెట్లు. చైనాలోని చిదోంగ్‌లో 180 మందిపై నాలుగు నెలల పరీక్షలో క్లోరోఫిలిన్ (ఆకుల్లోని పచ్చ పదార్థం నుంచి చేసేది) 100 మి.గ్రా. పూటకొకటి చొప్పున మూడు పూటలా ఇస్తే, మూత్రంలో ఆ విషం చేసిన చెరుపు గుర్తు 55 శాతం తగ్గింది. గుర్తు తగ్గిందంతే, క్యాన్సర్ తగ్గిందని కాదు. దానికోసం డబ్బా వెతకడం కన్నా ఊరిబిండికి గింజలు వేయించే ముందు ముడుచుకున్నవి, రంగు మారినవి, ఆకుపచ్చ బూజు పట్టినవి ఏరేయండి. వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు.