హన్మకొండ నర్సరీ గులాబీ: మొక్క, మట్టి, మందుల్లో ఏది పైసలకు తగ్గది?

హన్మకొండ, కాజీపేట, వరంగల్ రోడ్ల పక్కన నర్సరీల్లో అమ్మే గులాబీల్లో చాలావరకు ఇక్కడ పెంచినవి కావు. తూర్పు గోదావరి జిల్లా కడియం నుంచి లారీల్లో దిగుతాయి. కొన్ని బెంగళూరు, పుణె వైపు నుంచి వస్తాయి. ఇక్కడి నర్సరీ వాళ్లు వాటిని దించుకుని, షేడ్‌నెట్ కింద నిలబెట్టి, నీళ్లు పట్టి అమ్ముతారు. అందుకని ఏ నర్సరీకి పోయినా సరుకు ఇంచుమించు ఒకటే. దించినంక ఎన్నాళ్లుంచారు, ఎట్లా చూసుకున్నారు అన్నదాంట్లోనే తేడా. కాబట్టి ఈ సమీక్ష ఏ ఒక్క దుకాణం మీదా కాదు, గులాబీ అడిగితే వాళ్లు మన చేతిలో పెట్టే మొత్తం సరంజామా మీద. మొక్క వంద రూపాయలదైతే కుండీ, మట్టి సంచి, 'రోజ్ మిక్స్' పొడి, మందు సీసా, కత్తెర కలిసి బిల్లును దానికి నాలుగైదింతలు చేస్తాయి. అందులో సగం అక్కర్లేనివే.

ముందు మొక్క సంగతి. పెద్ద పువ్వున్న మొక్కను వాళ్లు ముందు వరసలో పెడతారు, మన చెయ్యి కూడా దాని మీదికే పోతుంది. ఆ పువ్వు నీడలో, యూరియా బలం మీద వచ్చింది. ఇంటి ఎండకు నాలుగు రోజుల్లో రాలిపోతుంది. చివరికి మిగిలేది అంటు, వేరు. చూడాల్సింది ఆ రెండిటినే.

మట్టికి రెండు మూడు అంగుళాల పైన కాండం మీద ఒక ఉబ్బు, దాని పక్కనుంచి బయల్దేరిన కొమ్మ కనిపిస్తాయి. కన్ను అంటు కట్టిన చోటు అదే. దాని కింద ఉన్నది మొండి జాతి గులాబీ, పైన ఉన్నది మనకు కావలసిన రకం. అక్కడ ప్లాస్టిక్ పట్టీ ఇంకా బిగుతుగా చుట్టి ఉంటే అంటు కొత్తది. వేలితో మెల్లగా ఆనించి చూస్తే అతుకు దగ్గర కదులుతోందా, వదిలేయండి. అంటు పైనుంచి కనీసం రెండు కొమ్మలు, ఒక్కోటి పెన్సిల్ లావున ఉండాలి. సన్నటి ఒంటికొమ్మ, దాని కొసన పెద్ద పువ్వు ఉన్న మొక్క చూడముచ్చటగానే ఉంటుంది గానీ మొదటి గాలివానకే అతుకు దగ్గర విరుగుతుంది. కొమ్మ కత్తిరించిన కొసల్లో నలుపు కిందికి పాకుతుంటే అది ఎండు తెగులు, ఆ మొక్క వద్దు. కింది ఆకును తిప్పి చూడండి. పైన సూదిమొనతో పొడిచినట్టు పసుపు చుక్కలు, అడుగున సాలెగూడు లాంటి సన్నటి బూజు ఉంటే ఎర్రనల్లి. అనుమానముంటే తెల్ల కాగితం మీద ఆకును తట్టండి, రాలిన చుక్కలు నడుస్తాయి. చివరగా కవరు ఎత్తి అడుగు రంధ్రాలు చూడండి. తెల్లటి వేరు కొసలు కనిపిస్తే మంచి మొక్క దొరికినట్టే. మురుగు వాసన వస్తే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.

ఇంటికి వచ్చిన కొన్ని నెలలకు ఒక రెమ్మ మిగతావాటికంటే జోరుగా, నిటారుగా లేస్తుంది. మొక్క బాగా ఎదుగుతోందని జనం సంబరపడేది ఇక్కడే. అది అంటు కింది నుంచి వచ్చిందయితే మొండి జాతి పిలక. వదిలేస్తే పై రకాన్ని ఎండగట్టి మొక్క మొత్తాన్నీ తనదిగా చేసుకుంటుంది. 'మా గులాబీ ఎర్రది పూసేది, ఇప్పుడు చిన్న గులాబీ రంగు పూలు పూస్తోంది' అనే ఫిర్యాదులన్నిటి వెనకా ఉన్నది ఇదే. ఒక్కో కాడకు ఏడాకులుంటే అడవిది, అయిదుంటే మంచిది అని నర్సరీలో చెప్పే లెక్కను నమ్మొద్దు. మంచి రకాల్లోనూ కొన్నిటికి ఏడాకులొస్తాయి. మట్టి కొద్దిగా తొలగించి, రెమ్మ అంటుకు పైన పుట్టిందా కింద పుట్టిందా చూసుకోవడమే సరైన పరీక్ష. కింద పుట్టినదాన్ని కత్తిరిస్తే మొదట్లో ఉన్న కళ్లు, అంటే చిగురు మొగ్గలు, మళ్లీ చిగురిస్తాయి. పుట్టిన చోటికి పోయి కిందికి లాగి మొదలంటా పీకేయాలి.

రకాల పేర్లను నమ్ముకుంటే కష్టం. 'డచ్ గులాబీ' అనేది రకం పేరు కాదు, పాలీహౌస్ అనే ప్లాస్టిక్ పందిరి కింద కోతపూల కోసం పెంచే రకాలన్నిటికీ అమ్మేవాళ్లు పెట్టిన పేరు. మన మేడ మీది ఎండకు వాటి పువ్వు సగానికి కుంచించుకుపోతుంది. 'కాశ్మీరీ గులాబీ'కి కాశ్మీరుతో పని లేదు, గుత్తులుగా పూసే చిన్న ఎర్ర గులాబీని ఆ పేరుతో అమ్ముతారు. పేరు సంగతి ఎట్లా ఉన్నా మొక్క మాత్రం గట్టిది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అది, వాసన వచ్చే నాటు గులాబీ, తెల్లటి ఐస్‌బర్గ్ తీసుకుంటే సరిపోతుంది. క్వీన్ ఎలిజబెత్ దొరికితే వదలొద్దు. 1954 నాటి రకమైనా ఎండను బాగానే తట్టుకుంటుంది. ఆన్‌లైన్‌లో అమ్మే నీలి గులాబీ విత్తనాలు పచ్చి మోసం.

కడియం మొక్కతో అసలు చిక్కు దాని మట్టిగడ్డ. కవరులో ఉండేది జిగట మట్టి. లారీ కుదుపులకు వేరు కదలకుండా పట్టి ఉంచడానికి అది భేషైనదే. అదే గడ్డను గుల్ల మట్టి నింపిన కుండీలో అట్లాగే దించితే రెండు రకాల మట్టి కలవవు. ఎండాకాలం గడ్డ ఇటుకలా గట్టిపడి, పోసిన నీళ్లు పక్కల నుంచి జారి అడుగు రంధ్రంలోంచి పోతాయి. కుండీ తడిగా కనిపిస్తుంది, లోపల వేరు మాత్రం ఎండిపోతుంది. వానాకాలం అదే గడ్డ నీళ్లు పట్టుకుని వేరును కుళ్లబెడుతుంది. కొన్న నెలలో చచ్చే మొక్కల్లో ఎక్కువ పోయేది ఇట్లాగే. నర్సరీ మనిషి మాత్రం 'కవరు చింపి అట్లనే పెట్టెయ్యండి సార్' అంటాడు.

చేయాల్సింది ఇది. మొక్కను వారం రోజులు కవరులోనే, పొద్దుటి ఎండ మాత్రమే తగిలేచోట ఉంచండి. మొగ్గలుంటే తుంచేయండి. తర్వాత కవరు కోసి, గడ్డను బకెట్ నీళ్లలో ఇరవై ముప్పై నిమిషాలు నానబెట్టండి. బయటి మూడో వంతు మట్టిని వేళ్లతో మెల్లగా కడిగేయండి, నడిమి ముద్దను కదపొద్దు. మొత్తం కడిగితే సన్నటి పీచు వేర్లు తెగి మొక్క వాడిపోతుంది. ఈ పని సెప్టెంబరు నుంచి డిసెంబరు లోపు చేయాలి. మార్చి దాటాక కొన్న మొక్కకు గడ్డ జోలికి పోకుండా, దానికి నాలుగు వైపులా పుల్లతో లోతుగా పొడిచి కుండీలో పెట్టడం మేలు. కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొట్టులో, వచ్చిన మొక్కలకు ఈ బాధ లేదు గానీ అవి ఒక్క పూట నీళ్లు తప్పినా వాలిపోతాయి.

కుండీ మట్టికి రెండు పాళ్లు చెలక ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల పెంట లేదా వర్మీకంపోస్టు, ఒక పాలు సగం కాలిన ఊక లేదా దొడ్డు ఇసుక. పన్నెండు అంగుళాల కుండీకి వంద గ్రాముల వేపపిండి, యాభై గ్రాముల బోన్‌మీల్ (ఎముకల పొడి) కలపాలి. ఇంట్లో కుక్క ఉంటే బోన్‌మీల్ మానేయండి, వాసనకు కుండీ అంతా తవ్విపోస్తుంది. నాటేటప్పుడు అంటు మట్టికి అంగుళం పైనే ఉండాలి, పూడ్చొద్దు.

ఎర్రమట్టి పేరుతో మన దగ్గర మొరం అంటగట్టడం మామూలే. సంచి కొనేముందు ఒక గుప్పెడు తీసి గాజు గ్లాసు నీళ్లలో వేసి కలపండి. నిమిషంలో గులకరాళ్లు అడుగుకు దిగి, పైన నీళ్లు పలచటి టీ రంగులో ఉంటే అది రోడ్డుకు పోసే మొరం. చెలక మట్టయితే నీళ్లు చిక్కటి ఎర్రగా చాలాసేపు ఉండి, అడుగున ఇసుక మీద మెత్తటి పొర కడుతుంది. ప్యాకెట్లలో వచ్చే రెడీ మిక్స్‌లో ఎక్కువ భాగం కోకోపీట్. మేడ మీద బరువు తగ్గుతుందన్నది నిజమే, మే నెలలో రెండు పూటలా నీళ్లు అడుగుతుందన్నదీ నిజమే. కొంటే సగానికి సగం ఎర్రమట్టి కలిపి వాడండి. రెడీ మిక్స్‌కు అయిదులో రెండు మార్కులు.

కుండీ మట్టిదే కొనండి. నల్ల ప్లాస్టిక్ కుండీ స్లాబు మీద వేరును ఉడకబెడుతుంది.

'రోజ్ మిక్స్' పొడి దగ్గర కాస్త ఆగాలి. చాలా ప్యాకెట్ల మీద గులాబీ బొమ్మ ఎంత పెద్దగా ఉంటుందో లోపలున్న వాటి వివరం అంత చిన్నగా ఉంటుంది, కొన్నిటిపై అసలే ఉండదు. నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు రాయనిది కొనొద్దు. రాసినవి చూసినా వేపపిండి, బోన్‌మీల్, కాస్త సూక్ష్మపోషకాల మిశ్రమమే, విడిగా కొంటే చౌక. ఇంకో అలవాటు, గులాబీ మొదట్లో డీఏపీ చల్లడం. డీఏపీలో 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం ఉంటాయి, పొటాష్ సున్నా. పిడికెడు వేస్తే వేరు మాడుతుంది, మిగిలిపోయిన భాస్వరం ఇనుమును మొక్కకు అందనివ్వదు. వేయాలనుకుంటే పెద్ద కుండీకి ఒక చిన్న చెంచా, అది కూడా కాండానికి దూరంగా కుండీ అంచున, తడి మట్టిలో, నెలకోసారి మించకుండా. ఇంతకంటే నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండి నీళ్లలో కరిగే 19:19:19 ఎరువు లీటరుకు రెండు గ్రాములు, పదిహేను రోజులకోసారి పోయడం నయం. ఏప్రిల్, మే నెలల్లో ఏ ఎరువూ వద్దు.

కొత్త ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఎరువు చాలక కాదు. బోరు నీళ్లలోని సున్నం మట్టిలో చేరి ఇనుమును బిగబట్టింది. కుండీ బయట తెల్లటి పొర కడుతుంటే ఆ నీళ్లే కారణం. లీటరు నీళ్లలో రెండు మూడు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), అర గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకుల మీద, వారం తేడాతో రెండు సార్లు పిచికారీ చేయాలి. నల్లా నీళ్లో వాన నీళ్లో దొరికినప్పుడు అడుగు నుంచి కారిపోయేదాకా నిండుగా పోసి పేరుకున్న ఉప్పును కడిగేయాలి. నర్సరీలో దీనికి కూడా 'టానిక్' అంటగడతారు.

మందుల విషయంలో నర్సరీకంటే ఎరువుల దుకాణం నయం, కానీ అక్కడ పత్తికి, మిర్చికి అమ్మే మందునే సీసాలో వంపి ఇస్తామంటే వద్దనండి. లేబుల్ లేని సీసాతో మోతాదూ తెలియదు, విరుగుడూ తెలియదు. అన్నిటికీ ఒకే మందు ఉండదు. ఇమిడాక్లోప్రిడ్ పేనుబంకకు పనికొస్తుంది, ఎర్రనల్లికి పనికిరాదు సరికదా నల్లిని ఇంకా పెంచుతుంది. నల్లికి మొదటి మందు నీళ్లే. పైపుతో ఆకు అడుగు వైపు గట్టిగా కొట్టండి, మూడు రోజులకోసారి, మూడు సార్లు. తగ్గకపోతే స్పైరోమెసిఫెన్ లీటరుకు ఒక మిల్లీలీటరు. మొగ్గ విచ్చుకోకుండా అంచులు గోధుమ రంగులో మాడితే తామర పురుగు. మిర్చి పండించే ఈ జిల్లాలో దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ మొగ్గలు తుంచి కవరులో కట్టి పారేసి, 45 శాతం స్పైనోశాడ్ లీటరుకు 0.3 మిల్లీలీటర్లు కొట్టాలి. వానాకాలం నల్లమచ్చకు మాంకోజెబ్ రెండున్నర గ్రాములు, చలికాలం బూడిద తెగులుకు నీళ్లలో కరిగే గంధకం రెండు గ్రాములు. గంధకాన్ని ఎండ 35 డిగ్రీలు దాటిన రోజుల్లో వాడితే ఆకు మాడుతుంది. చేతికి గ్లౌజులు, ముక్కుకు గుడ్డ లేకుండా ఏదీ కొట్టొద్దు.

ఎండాకాలానికి కొనదగ్గది ఒక్కటే, ఎండను 50 శాతం ఆపే ఆకుపచ్చ షేడ్‌నెట్. మార్చి నడిమి నుంచి తొలకరి దాకా మధ్యాహ్నపు ఎండ తగలకుండా పడమటి వైపు కట్టండి. కుండీ మీద రెండంగుళాలు వరిగడ్డి పరవండి. మేలో 42 డిగ్రీలు దాటే ఊళ్లో గులాబీ నుంచి పూలు ఆశించొద్దు, బతికి బట్టకడితే చాలు. రామగుండం, భూపాలపల్లి వైపు వాళ్లకు ఇది మరీ అవసరం.

ఇక ఇంటికొచ్చి కొమ్మలు కత్తిరించే సేవ. దసరా దీపావళి మధ్య నర్సరీల నుంచి మనుషులను పంపుతారు. కంచె కత్తెరతో మొక్క నెత్తి సమానంగా గొరిగిపోయే మనిషి వస్తే పైసలిచ్చి పంపేయడమే మంచిది. పెద్ద పూల రకాలకు మూడు నాలుగు గట్టి కొమ్మలుంచి, ఒక్కోదాని మీద నాలుగైదు కళ్లు మిగిలేలా, బయటికి చూసే కన్నుకు పావంగుళం పైన ఏటవాలుగా కోయాలి. ఎండు కొమ్మను లోపలి బెండు తెల్లగా కనిపించేదాకా కోయాలి. కోసిన ప్రతిచోటా కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను నీళ్లతో ముద్ద చేసి పూయాలి. మొక్కకూ మొక్కకూ మధ్య బ్లేడును స్పిరిట్‌తో తుడవాలి. ఇది చేసే మనిషి దొరికితే సుమారు నలభై అయిదు రోజులకు పూలు చూస్తారు. దొరక్కపోతే, రెండు బ్లేడులు ఒకదాని పక్కనుంచి ఒకటి జారే కత్తెర కొనుక్కుని మీరే చేయండి. బ్లేడు బల్లలాంటి దాని మీద పడి నొక్కే రకం పచ్చి కొమ్మను నలుపుతుంది, ఎండు తెగులు ఆ నలిగిన చోటి నుంచే దిగుతుంది.

'చచ్చిపోతే మార్చి ఇస్తాం' అన్న హామీ చాలాచోట్ల నోటిమాటే. అడిగితే 'నీళ్లు ఎక్కువ పోసి ఉంటారు' అంటారు. బిల్లు మీద తేదీ, గడువు రాయించుకోండి, కొన్నరోజే అంటు కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోండి. రాసివ్వమంటే నసిగే చోట మొక్క ఒక్కటే కొని వచ్చేయండి.