రాయగడ నుంచి వెళ్లి చేయించిన మోకాలు మార్పిడి

మా అమ్మకు 68 ఏళ్లు. రెండు మోకాళ్లలో గుజ్జు అరిగి, కాళ్లు విల్లులా బయటికి వంగి, ఒడిశాలోని మా రాయగడలో మజ్జిగౌరమ్మ గుడిదాకా కూడా నడవలేని స్థితి వచ్చాక, నిరుడు విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కుడి మోకాలు మార్పించాము.

అక్కడ నాకు బాగా నచ్చింది ఆపరేషనుకు ముందు డాక్టరుగారు మాకోసం వెచ్చించిన అరగంట. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేను వెలుతురులో పెట్టి, తొడ ఎముకకూ కాలి ఎముకకూ నడుమ ఉండవలసిన సందు లోపలి వైపున గీతంత కూడా మిగలలేదని చూపించారు. అరుగుదల ఒక్క వైపే ఉంటే ఆ సగాన్ని మాత్రమే మార్చవచ్చునని, వయసు తక్కువైతే కాలి ఎముకను కోసి వంపు సరిచేసి బరువును మంచి వైపుకు మళ్లించవచ్చునని, అమ్మకు చిప్ప వెనుక కూడా అరిగినందున పూర్తి మార్పిడే తగునని వివరించారు. మాతో వచ్చిన గుణుపురం మావయ్యకు తుంటి బంతికి రక్తం అందడం తగ్గింది. ఆయన మార్పిడికి సిద్ధపడే వచ్చారు; బంతి ఇంకా కుంగలేదు గనుక ఎముకలో సన్నని రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గిస్తే ప్రస్తుతానికి చాలునన్నారు డాక్టరుగారు. పెద్ద ఆపరేషను వద్దన్న ఆ డాక్టరుగారి మీద మాకు గురి కుదిరింది.

బిల్లులో ఇంప్లాంటు (మోకాలిలో అమర్చే కృత్రిమ కీలు) ధర, కంపెనీ పేరు, బ్యాచి నంబరు విడిగా ఉన్నాయి. కోబాల్ట్ క్రోమియం అనే మిశ్రలోహంతో చేసిన ఇంప్లాంటుకు 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం, జీఎస్టీ కాకుండా, 54,720 రూపాయల పరిమితి పెట్టింది. ఆ అదుపు ఇంప్లాంటుకే గాని గది అద్దెకూ థియేటరు ఖర్చుకూ లేదు; మా బిల్లు పెరిగింది అక్కడే.

మర్నాడే వాకరుతో నిలబెట్టారు, నర్సులు ఓపికగా చూశారు. లోపమల్లా ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చిన వ్యాయామాల కాగితం. అది పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. రాయగడలో ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు ఒడియాలో చెబుతారు, అమ్మకు తెలుగు తప్ప రాదు. మొదటి వారం వంచమన్నప్పుడు చాచి, చాచమన్నప్పుడు వంచింది. చివరికి నేనే పాత క్యాలెండరు వెనుక తెలుగులో రాసి మంచం ఎదుట అంటించాను. 90 డిగ్రీలు వంగే మోకాలు 115కు చేరడానికి రెండు నెలలు పట్టింది.

ఎడమ మోకాలికీ ఆ డాక్టరుగారి దగ్గరికే వెళతాము. వ్యాయామాలను మాత్రం ఈసారి అక్కడే ఫోనులో వీడియో తీసుకుని వస్తాను.