405 లేజర్ మాడ్యూల్ మీద ‘టీటీఎల్’ అని రాసి ఉంటే నమ్మి కొనెయ్యకండి

ఇంట్లో పీసీబీలు (సర్క్యూట్ బోర్డులు) ఎక్స్‌పోజ్ చేసే, అంటే వెలుగు పడితే మారే ఫిల్మ్ మీద ట్రాకులు గీసే లేజర్ మెషీన్ కట్టుకుంటూ, బెంగళూరు ఎస్పీ రోడ్‌లోనో ఆన్‌లైన్‌లోనో 405 నానోమీటర్ల మాడ్యూల్ కొనబోయేవాళ్ళకి ఈ హెచ్చరిక. ‘500 మిల్లీవాట్లు, టీటీఎల్ ఉంది’ అంటూ అమ్మే 12 వోల్టుల మాడ్యూళ్ళు చాలావరకు చెక్క మీద బొమ్మలు కాల్చే మెషీన్ల కోసం చేసినవి. టీటీఎల్ అంటే లేజర్‌ని వెలిగించి ఆర్పే సిగ్నల్ వైరు. కిరణాన్ని బోర్డు మీద గీతలుగా తిప్పే అద్దం ముందు పెడితే బోర్డు పాడే, అంత వేగంగా అవి వెలిగి ఆరలేవు.

లెక్క వేసి చూడండి. పాత లేజర్ ప్రింటర్లోంచి తీసిన ఆరు ముఖాల అద్దం 10,000 ఆర్‌పీఎంతో తిరిగితే సెకనుకి 1,000 గీతలు. గీతకు దొరికే మిల్లీసెకనులో 40 శాతమే బోర్డు మీద పడుతుందనుకుంటే, 100 మి.మీ. వెడల్పుని కిరణం 400 మైక్రోసెకన్లలో దాటేస్తుంది. అంటే మైక్రోసెకనుకి పావు మిల్లీమీటరు. డ్రైవర్ (లేజర్ డయోడ్‌కి కరెంటు ఇచ్చే సర్క్యూట్) 20 మైక్రోసెకన్లు ఆలస్యంగా ఆరితే ట్రాక్ 5 మి.మీ. సాగిపోతుంది. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) కావాలంటే చుక్కకి దక్కేది దాదాపు 170 నానోసెకన్లే!

మాడ్యూల్ వెనక మూత విప్పితే గుట్టు తెలుస్తుంది. టీటీఎల్ వైరు వోల్టేజీ తగ్గించే బక్ కన్వర్టర్ చిప్ ఎనేబుల్ కాలికి పోతుంటే అది మెల్లగా స్టార్టయ్యే రకం, మిల్లీసెకన్లు తింటుంది. కరెంటు నియంత్రణ ఎల్‌ఎం358 అనే నెమ్మది ఆప్‌ఆంప్ చిప్‌తో ఉన్నా, డయోడ్‌కి పక్కనే పెద్ద కెపాసిటర్ ఉన్నా అంతే సంగతి. ఐసోలేషన్‌కని మధ్యలో పీసీ817 అనే నెమ్మది ఆప్టోకప్లర్ పెట్టుకుంటే ఆ తప్పు మనదే, వేగమైన 6ఎన్137 వాడండి.

ఇంటికొచ్చాక టీటీఎల్‌కి 100 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇచ్చి, కాగితం మీద పడి చెదిరిన వెలుగుని బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్‌తో ఆసిలోస్కోప్‌లో చూడండి. దానికి 5 వోల్టుల రివర్స్ బయాస్, 1 కిలోఓమ్ లోడ్ చాలు. గీత చదునుగానో గుండ్రంగానో వస్తే మాడ్యూల్ వాపసే. అందుకే కొనేటప్పుడే వాపసు మాట బిల్లు మీద రాయించుకోవాలి. ‘ఎలక్ట్రానిక్స్‌కి రిటర్న్ లేదు’ అంటే డయోడ్ ఒక్కటే కొని డ్రైవర్ మీరే కట్టుకోవడం నయం.

405 పేరుతో 450 అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. డ్రై ఫిల్మ్ (బోర్డుకి అంటించే ఆ ఫిల్మే) ముక్క ఒకటి నల్ల కవర్లో పెట్టుకెళ్ళి, అట్టపెట్టెలో ఫోకస్ చెదరగొట్టి కాసేపు వెలిగించండి. 405 అయితే లేత నీలం ముదురుతుంది. 450కి దాదాపు ఏమీ కాదు.

అసలు 500 మిల్లీవాట్లు ఎందుకు? ఫిల్మ్‌కి చదరపు సెంటీమీటరుకి 50 మిల్లీజౌళ్ళు కావాలనుకుంటే 10×10 సెం.మీ. బోర్డుకి 5 జౌళ్ళు. 100 మిల్లీవాట్ల డయోడ్‌తో, ఆ 40 శాతం లెక్కన, రెండు నిమిషాల పని. అద్దాల్లో పోయేదానికి ఇంకొంచెం కలుపుకోండి.

మరో ముప్పు: కొన్నిట్లో టీటీఎల్ వైరు ఊడితే లేజర్ పూర్తిగా వెలుగుతుంది. మైక్రోకంట్రోలర్ బూట్ అయ్యే క్షణంలోనూ అంతే. ఆ వైరుకీ గ్రౌండ్‌కీ మధ్య 10 కిలోఓమ్ పెట్టి, అప్పుడు లేజర్ ఆరుతోందో లేదో లేజర్ రక్షణ కళ్ళద్దాలు పెట్టుకునే చూడండి. 405కి ఓడీ4 (ఆ వెలుగుని పదివేలో వంతుకి తగ్గించేవి) అని రాసి ఉన్నవే కొనాలి, చలువ కళ్ళద్దాలు పనికిరావు.