స్టిక్కర్లు: "అండి" పెట్టే బాధ తప్పింది, కాకపోతే...

వాట్సాప్‌లో స్టిక్కర్లు 2018 చివర్లో వచ్చాయి, అప్పట్నుంచీ వాడుతూనే ఉన్నా, ఇప్పుడు నా చాట్లు తిరగేస్తే నాకన్నా బ్రహ్మానందం గారే ఎక్కువ మాట్లాడినట్టు ఉంటుంది. ఎలా పంపాలి, ఎలా సేవ్ చేసుకోవాలి అవన్నీ వదిలేస్తున్నా, మా అత్తయ్యకి కూడా వచ్చు అవి. నాకు నచ్చింది ఒక్కటే. స్టిక్కర్‌కి "అండి" తగిలించక్కర్లేదు.

నవ్వకండి, చాలా పెద్ద సుఖం అది. తెలుగులో చిన్న జోకు టైప్ చేయాలన్నా ముందు అవతలి మనిషి నువ్వా మీరా తేల్చుకోవాలి కదా. హైదరాబాద్ నిజాంపేట్‌లో మా అపార్ట్‌మెంట్ గ్రూపు చూడండి, బ్యాచిలర్ పిల్లలు, రిటైరైన పెద్దాళ్ళు, "ఏందన్నా" అనే వరంగల్ వాళ్ళు, "ఆయ్" అనే గోదారోళ్ళు అందరూ అందులోనే. "సర్లే" అంటే తీసిపారేసినట్టుంటది, "సరేనండి" అంటే అలిగినట్టుంటది. అదే బ్రహ్మానందం గారి మొహం ఒకటి పడేస్తే ఎవరికి కావల్సిన మర్యాద వాళ్ళు తీసేసుకుంటారు. వాటర్ ట్యాంకర్ డబ్బుల గొడవలు ఎన్ని ఆగాయో ఆ ఒక్క మొహంతో.

ఇక అసలు సంగతి. 2024 ఎండాకాలం, మా బోరు ఎండింది, కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు, సెల్లార్‌లో మీటింగ్. మా ప్రెసిడెంట్ గారు ట్యాంకర్ లెక్కలు చదువుతూ చదువుతూ మధ్యలో ఒక ఆవులింత తీశారు, అబ్బో, గుహ. నేను ఫొటో తీసేశా. ఆ రాత్రే ఏదో ఫ్రీ యాప్‌లో కింద "నీళ్ళొచ్చాయా?" అని రాసి స్టిక్కర్ చేశా. ప్యాక్‌లో కనీసం మూడుండాలంటే లిఫ్టుదొకటి, వాచ్‌మన్ కుర్చీదొకటి కలిపా. ముగ్గురు ఫ్రెండ్స్‌కే పంపా, ఒట్టు. తీరా చూస్తే ఆ యాప్ ఒత్తులన్నీ విరిచేసి "నీళ్‌ళొచ్‌చాయా" అని పెట్టింది, అందుకే ఇంకా ఎక్కువ నవ్వొచ్చింది వాళ్ళకి.

పొద్దున్నే లేచి చూస్తే మెయిన్ గ్రూపులో ఉంది. నేను పంపిన చోట "అందరికీ డిలీట్" కొట్టా గానీ ఏం లాభం, ఫేవరెట్స్‌లో దాచుకున్నోళ్ళ దగ్గర అది ఉండనే ఉంటుంది. ఇది తెలీకే ఇన్నాళ్ళూ "స్టిక్కర్ సేఫ్ బ్రో" అని అందరికీ చెప్పా, వెనక్కి తీసుకుంటున్నా.

సాయంత్రం లిఫ్టులో ఆయనే ఎదురయ్యారు. "ఎవరు చేశారో తెలుసా బాబూ?" అన్నారు. "తెలీదు సార్, ఈ కాలం కుర్రాళ్ళు..." అన్నా, నాకు 41 ఏళ్ళు. ఆయన ఏం మాట్లాడకుండా ఫోన్ తీసి స్టిక్కర్ మీద నొక్కి చూపించారు. నొక్కితే ప్యాక్ పేరు, చేసినోళ్ళ పేరు వస్తాయంట. యాప్ అడిగినప్పుడు ఏదో ఒకటి అని నేను కొట్టింది "ఫ్లాట్ 402". నాలుగో ఫ్లోర్ వచ్చేదాకా ఆ లిఫ్ట్ ఎంత స్లోనో ఆ రోజే తెలిసింది.

ఆయన తిట్టలేదు. పైగా ఆ రాత్రి "రేపు ట్యాంకర్ ఎన్నింటికి?" అని ఎవరో అడిగితే ఆయనే ఆ ఆవులింత పంపారు. గ్రూపంతా పడీ పడీ నవ్వారు. మా అదృష్టం, ఆయన అలాంటి మనిషి కాబట్టి సరిపోయింది, ఇంకో అపార్ట్‌మెంట్‌లో అయితే ఈపాటికి నా పార్కింగ్ పోయేది.

కాబట్టి నాలాంటి టైపింగ్ బద్ధకస్తులకి, కాస్త జోకు తెలిసిన గ్రూపుకి అయితే స్టిక్కర్లు కిరాక్. అమ్మకి మాత్రం పంపను, పంపిన రెండో నిమిషం ఫోన్ చేసి "ఏంట్రా, మాట్లాడలేనంత పనా" అంటది. ఆఫీస్ గ్రూపు సంగతి మీరే చూసుకోండి.

అన్నట్టు మా ప్రెసిడెంట్ గారు రిటైర్డ్ తెలుగు పండిట్. వారం తర్వాత నాకు విడిగా మెసేజ్ పెట్టారు, "మొహం ఎలా ఉన్నా పర్లేదు నాయనా, ఆ ఒత్తులు సరిచెయ్యి". సరిచేసి కొత్తది పంపా. ఆయన తప్ప ఎవరూ వాడట్లేదు.